బూట్లు విప్పని మా బావ

మా బావ ఇగ లేడు. సూర్యాపేట దవాఖానల జ్వరంతోని పోయిండని, మొన్న మిర్యాలగూడల నా కుట్టు దుకానం ముందల బస్సాపి క్లీనర్ చెప్పిండు. కత్తెర చేతిల ఉండంగనే బస్సెక్కిన. కోదాడ నుంచి సూర్యాపేటకు బస్సు నడిపిన మనిషి. ఆయన సావు కబురు గూడ బస్సు మీదనే వచ్చింది.

ఆయన దేవుడేం కాదు. ఊకెనే కోపానికొచ్చేటోడు. మా అక్క చేసిన పచ్చిపులుసుల ఉప్పెక్కువైందని రోజూ సతాయించేటోడు, రోజూ రెండు మార్లు పోసుకునేటోడు. అయినా ఆయన బామ్మర్దినని చెప్పుకుంటే నా ఛాతి ఉబ్బుతది. ఎందుకో చెప్త.

బావ మిలిటరీల లారీ డ్రైవరుగ ఇటలీ దాక పోయిండు. లడాయి ఖతమైనంక అక్కడొక పట్నంల, నాజీల చేతిల సావకుండ బయటపడ్డ యూదులు ఒక బడి గదిని మ్యూజియం చేసిండ్రట. బావ చూడపోయిండు. సగం గదిల వాళ్ల పండుగ దీపాలు, ప్రార్థన పుస్తకాలు, పెండ్లి ఫోటోలు. తక్కిన సగంల సంపబడ్డోళ్ల చెంచాలు, కళ్లద్దాలు, చెప్పులు. మనం గుడికి పోయినట్టే బావ గడప బయట బూట్లిప్పి లోపలికి పోయిండు. అన్నీ చూపిస్తున్న ముసలామె ఆయన ఉత్త కాళ్లు చూసిందట. బయటికి పోయి, ఆ బూట్లు తనే తెచ్చి ఆయన ముందల పెట్టిందట.

"ఏమన్నదే బావా?" అని ప్రతిసారి అడిగేటోణ్ని, తెలిసి గూడ.

"మావోళ్లను చెప్పులిప్పించి మరీ సంపిండ్రు, ఈ గదిల ఎవ్వరు విప్పొద్దు, తొడుక్కో బిడ్డా, అన్నది. ఆమె భాష తెలిసిన మా హవల్దారు నాకు ఎరుకజేసిండు. ఆమె బిడ్డా అన్నదో లేదో గని, నాకైతే గట్లనే ఇనబడ్డది."

మోతె దిక్కు మా ఊళ్లె, దొర ఉండే బంగ్లాను గడి అంటరు, దాని ముందల నుంచి పోతే చెప్పులు చేతిల పట్టుకోవాలె. మా తాతలు పట్టుకున్నరు, మేము పట్టుకున్నం. "వాళ్ల దుఃఖం వాళ్లదే, దాని పక్కన మనది పెట్టి కొలువొద్దు. అయినా బామ్మర్దీ, ఆ గదిల నిలబడితే నాకు మన గడే యాదికొచ్చింది" అనేటోడు.

మిలిటరీ నుంచి వచ్చిన రోజే బావ బూట్లతోని గడి ముందల నుంచి నడిచిండు. దొర మనుషులు ఆపి విప్పుమన్నరు. విప్ప అన్నడు. కొట్టిండ్రు. పెదవి పగిలి, బూట్లతోనే ఇంటికొచ్చిండు. అక్క వేడినీళ్లతోని నెత్తురు తుడుసుకుంట, "అవి విప్పితే ఏం పోతుండె?" అని ఏడ్చింది.

"ఇయ్యాల విప్పితే రేపు తొడుక్కోనిస్తరా?" అన్నడు.

తర్వాత రైతులు దొరల మీద తిరగబడ్డ లొల్లులల్ల దొర పట్నం పారిపోయిండు. ఆ లొల్లిని అణచనీకి సర్కారు మిలిటరీ ఊళ్లకొచ్చినంక తిరిగొచ్చిండు. ఊరు మళ్ల చెప్పులు చేతిల పట్టుకున్నది, మా బావ ఒక్కడు తప్ప.

అందుకే సావు రోజు పెద్దమనుషులకు భయమైంది. కాటికి పోయే తొవ్వ గడి ముందల నుంచే. "దుఃఖంల ఉన్నవు బిడ్డా, లొల్లెందుకు, ఎన్క తొవ్వన తీస్కపోదాం" అని అక్కను బతిమిలాడిండ్రు.

అక్క లేసింది. లోపలికి పోయి బావ బూట్లు తెచ్చింది. పాడె మీద పండుకున్న మనిషికి తనే తొడిగింది, తాళ్లు కట్టింది. సావుల ఎవరన్న బూట్లు తొడుగుతరా! ముసలోళ్లు ముక్కు మీద వేలేసుకున్నరు.

"మా ఇంటాయన ఏ తొవ్వన పోయేటోడో ఆ తొవ్వనే పోతడు. పాడె ఎన్క ఉత్త కాళ్లతోని ఎవ్వరు రావొద్దు" అన్నది.

నేను చెప్పులు తొడుక్కున్న. ఇంకెవ్వరు కదల్తరో లేదోనని చుట్టు చూసిన. మా పక్కింటి ముసలాయన లేసిండు, ఇంటికి పోయి కిర్రుచెప్పులేసుకొని వచ్చిండు. ఆయన ఎన్క ఒక్కొక్కళ్లు పోయిండ్రు, తొడుక్కొని వచ్చిండ్రు. చెప్పులు లేనోళ్లు అడిగి తెచ్చుకున్నరు.

గడి దర్వాజల దొర మనుషులు నిలబడి చూస్తున్నరు. ఎవ్వరు ఆపలే. పాడె మీద కాళ్లు ముందలికి ఉన్నయ్ గద, మా అందరికన్న ముందు బావ బూట్లే గడి దాటినయ్. ఎన్కనుంచి ఊరంత చెప్పుల సప్పుడు.