తండ్రికి దండ వెయ్యని కూతురు

మా ఓనరమ్మ పోయింది. నేను వార్డులో రౌండ్స్ మధ్యలో ఉండగా పక్కింటాయన ఫోన్ చేసి చెప్పాడు. కుర్చీలో కూర్చుని రేడియోలో వార్తలు వింటూ పోయిందట. ఏ మంత్రిగారి మాటకో ఒళ్ళుమండి గుండె ఆగి ఉంటుందని నాకు గట్టి అనుమానం. తొంభైకి దగ్గరపడ్డా ఆవిడ కోపానికి మాత్రం వయసు రాలేదు.

ఎడిన్‌బర్గ్ ఆసుపత్రిలో చేరిన కొత్తలో ఆవిడ ఇంటి పై అంతస్తులో అద్దెకు దిగాను. ఒక్క ఏడాది అనుకుని వచ్చినదాన్ని, ఆవిడ పోయేదాకా అక్కడే ఉండిపోయాను. ఆవిడ జర్మన్ మనిషి. యుద్ధమయ్యాక ఈ దేశం వచ్చి, బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైంది. నా డ్యూటీల రోటా నాకన్నా ఆవిడకే బాగా గుర్తు. నైట్ డ్యూటీ చేసి వచ్చి నేను పడుకుంటే, కింద చెప్పులు విప్పి నడిచేది. ఉప్పూ కారం లేని సూపు కాచి ఇచ్చేది. నేను అందులో ఆవకాయ కలుపుకుంటుంటే, "నా వంటకి ఇంతకన్నా అవమానం ఉంటుందా" అంటూనే తనూ కాస్త వేయించుకునేది.

ఆవిడ తండ్రి ఎవరో నాకు మా అమ్మ మూలంగానే తెలిసింది. అమ్మ తెనాలి నుంచి వచ్చి కొన్నాళ్ళు నా దగ్గరుంది. ఓనరమ్మ ఊరెళితే కింద కుండీలకి నీళ్ళు పోసేది. అలా వెళ్ళినప్పుడు బీరువా పక్కన, గోడవైపు తిప్పిపెట్టిన పెద్ద ఫొటో ఒకటి కంటబడింది. చేతిలో కలం పట్టుకున్న మీసాలాయన. పోలికలు చూసి తండ్రేనని పట్టేసింది. పాపం, ఒంటిమనిషి, పెద్దవాళ్ళకి ఏదైనా చేద్దామన్నా చెప్పేదిక్కు లేదనుకుంది. ఇంకేం, ఫొటో తుడిచి బొట్టు పెట్టి, పెరట్లో పూలు కోసి దండ గుచ్చి వేసి, ముందు దీపం వెలిగించింది. ఓనరమ్మ తలుపు తీసుకుని వచ్చేసరికి, అగరొత్తుల పొగలో ఆ తండ్రి దేవుడిలా కూర్చుని ఉన్నాడు.

నన్ను కిందికి పిలిచింది. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందనుకున్నాను. "మీ అమ్మని కూర్చోబెట్టు. నేను చెప్పేది ఒక్క ముక్క వదలకుండా మీ భాషలో చెప్పు" అంది.

ఆయన పెద్ద రచయితట. మట్టి గురించీ, పంటల గురించీ, జాతి గొప్పదనం గురించీ నవలలు రాశాడు. నాజీలు వచ్చినప్పుడు ఆయన్ని ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బతిమాలలేదు. మన రోజులొచ్చాయని తనే ఎదురెళ్ళాడు. బహుమతులు పుచ్చుకున్నాడు. బళ్ళలో తన పుస్తకాలు చదివి వినిపిస్తుంటే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టిన పిల్ల ఈవిడే. ఆ తరవాత సొంత ఊళ్ళోని సంగీతం మాస్టారి మీద పత్రికలో వ్యాసం రాశాడు, పేరు పెట్టి మరీ. ఇలాంటి యూదులు మన పిల్లలకి మన పాటలు నేర్పడమేమిటని. ఈవిడకి పియానో నేర్పుతున్నది ఆ మాస్టారే. ముందు ఉద్యోగం పోయింది. తరవాత మాస్టారిని తీసుకుపోయారు, మళ్ళీ రాలేదు. యుద్ధమయ్యాక అడిగితే తండ్రి అన్నదొకటే మాట: "నేను రాశానంతే, ఎవరి మీదా చెయ్యెత్తలేదు." పోతూ పోతూ, తన పేరు నిలబెడుతుందని పుస్తకాల హక్కులన్నీ కూతురికే రాసిపెట్టాడు.

అంతా విని అమ్మ అంది, "ఎంతైనా కన్నతండ్రి కదమ్మా. పోయినోళ్ళని అలా అనకూడదు."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఓనరమ్మ తల అడ్డంగా ఊపింది. "పరాయివాళ్ళంటే నింద అవుతుంది. కూతుర్ని, నేనంటే సాక్ష్యం."

"చచ్చినవాడి కళ్ళు చారెడని మావాళ్ళు ఊరికే అన్లేదులే" అంటూ అమ్మ లేచి, తను వేసిన దండ తనే తీసేసింది. బొట్టు చీరచెంగుతో తుడిచేసింది. పూలు పారెయ్యడానికి మాత్రం మనసొప్పలేదు. "ఆ మాస్టారి ఫొటో ఏదైనా ఉందేమో అడగవే" అంది. లేదంది ఓనరమ్మ. అయితే అని, హాల్లో ఉన్న పియానో మీద పెట్టింది ఆ దండ. ఓనరమ్మ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఒక ఉగాదికి మా తెలుగువాళ్ళమంతా కలిసే హాలుకి ఆవిడనీ తీసుకెళ్ళాను. ఒక అంకుల్ వచ్చి నా ఇంటిపేరు అడిగి, ఊరడిగి, "అయితే మనోళ్ళేనామ్మా?" అన్నాడు. ఏమన్నాడని ఆవిడ అడిగితే విడమరిచి చెప్పాను. పులిహోర ప్లేటు పక్కన పెట్టి నేరుగా ఆయన్నే అడిగింది. "మరి ఇక్కడ మీవాళ్ళు కానిదెవరు? చూపించండి, వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటాను." అంకుల్ మొహం మాడిపోయింది. ఆవిడ తండ్రి పుస్తకాల్లో ఏ పేజీ తిప్పినా 'మనవాళ్ళు' అన్న ఆ మాటే ఉంటుందట. ఆ రోజు సిగ్గుతో తల వంచుకున్నాను గానీ, ఇప్పుడు నన్నెవరైనా అలా అడిగితే నేనూ అదే అంటున్నాను.

తరవాత కొన్నాళ్ళకి ఆవిడ తమ్ముడి కొడుకు జర్మనీ నుంచి ఒక పబ్లిషర్ని వెంటబెట్టుకొచ్చాడు. కేకు తెచ్చారు, పూలు తెచ్చారు. తాతగారి నవల మళ్ళీ వేస్తారట. కాలం అలాంటిది, సాహిత్యం వేరు, రాజకీయం వేరు అని పబ్లిషర్ మెత్తగా చెప్పుకొచ్చాడు.

"వెయ్యండి. మాస్టారి మీద రాసిన వ్యాసం కూడా అందులోనే, ముందు పేజీల్లో వెయ్యండి" అంది ఓనరమ్మ.

"అలా వేస్తే ఎవరు కొంటారండీ?"

"అదీ ఆయన రాసిందేగా. నేను కల్పించానా?"

ఆ కుర్రాడు, కుర్రాడేమిటి, యాభై దాటినవాడు, ఇంక ఓపిక పట్టలేకపోయాడు. "నువ్వెన్నాళ్ళుంటావత్తా? ఆ తరవాత అన్నీ నా దగ్గరికే కదా వచ్చేది!" ఆవిడ కేకు ముక్కలు కోసి పెట్టి, తినేసి వెళ్ళమంది.

ఆ మాట ఆవిడని నిద్రపోనివ్వలేదు. తను పోతే ఆ నవల కడిగిన ముత్యంలా బయటికొస్తుంది, మాస్టారి పేరు ఎవరికీ తెలియకుండా పోతుంది. మాస్టారు తన చిన్నకూతుర్ని ముందే ఇంగ్లండ్ పంపేశాడని ఆవిడకి తెలుసు. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, వెతికి, లండన్‌లోని వెంబ్లీలో ఉందని కనుక్కుంది. నన్ను తోడు తీసుకుని వెళ్ళింది. ఆ పెద్దావిడ మాకు మంచినీళ్ళిచ్చింది గానీ క్షమించానని అనలేదు. ఈవిడ అడగనూ లేదు. లాయరు దగ్గరికెళ్ళి తండ్రి పుస్తకాల మీద హక్కులన్నీ ఆ పెద్దావిడ పేర రాసిచ్చేసింది. "వేసుకో, తగలెట్టుకో, మా ఇంట్లోవాళ్ళెవరూ అడగరు" అంది. తిరిగి వచ్చేప్పుడు రైల్లో హాయిగా గురక పెట్టి నిద్రపోయింది.

అంత్యక్రియలకి మేనల్లుడు వచ్చాడు. తాతగారి వారసత్వాన్ని మా అత్త కళ్ళలో పెట్టుకుని కాపాడిందని అందరి ముందూ ప్రసంగం చేశాడు. బయటికి వచ్చాక, ఇంక నవల పని మొదలుపెట్టాలని నాతో అన్నాడు. హక్కులు ఎవరి దగ్గరున్నాయో చెప్పి, గేటు దగ్గర చేతికర్రతో నిలబడ్డ మాస్టారి కూతుర్ని చూపించాను. చావుకొచ్చి సంతోషించకూడదంటారు. నేను సంతోషించాను, దాచుకోను కూడా.

అతను వెళ్ళి తల వంచి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"నేనింకా చదవలేదు" అంది ఆవిడ. "చిన్నప్పుడే వచ్చేశాను కదా, జర్మన్ మర్చిపోయాను. మళ్ళీ నేర్చుకోవాలి. నేర్చుకున్నాక చదివి చెబుతాను."

వాన మొదలైంది. స్టేషనుకి ట్యాక్సీ పిలుస్తానన్నాడతను. బస్సులోనే వెళతానంది ఆవిడ. అతను తన గొడుగు విప్పి ఆవిడ తలమీద పట్టాడు. కర్ర తాటిస్తూ, మధ్యమధ్యలో ఆగి షాపుల అద్దాల్లోకి చూస్తూ ఆవిడ బస్‌స్టాపు వైపు నడిచింది. ఆవిడ ఆగినప్పుడల్లా అతనూ ఆగాడు. గొడుగు బయటున్న అతని కోటు భుజం తడిసి నల్లబడుతోంది.