ఇరవై అంటే ఎంత

మోట పైకి వచ్చింది. అందులో నీళ్లు లేవు, బురద ఉంది. మంగవ్వ కొత్తిమీర మడి గట్టు మీద నిలబడి చూసింది. ఆ బురద కాలువలోకి జారి, నాలుగు బారలు కూడా పారకుండానే ఆగిపోయింది. తాడు మీద కూర్చుని ఎడ్లను తోలుతున్న ఆమె మొగుడు హనుమాండ్లు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు.

"మల్ల దింపు," అన్నది మంగవ్వ.

"దింపితే ఏమొస్తదే? అడుగు తాకింది."

"దింపమంటున్న గదా!"

దింపాడు. మళ్లీ బురదే వచ్చింది.

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిది ఎండాకాలం అది. అమీర్‌పేట అప్పటికి పట్నం బయట ఊరు. జొన్న చేలు, కూరగాయల మడులు, మధ్య మధ్య బావులు. తెల్లారకముందే ఆడవాళ్లు పాలకూర, కొత్తిమీర గంపలకెత్తుకుని పట్నం మండీకి నడిచేవాళ్లు. మంగవ్వ వాళ్ల బావి మీద మూడు ఇండ్లు బతికేవి. వాళ్ల తాతలు తవ్విన బావి. ఎంత ఎండ కాసినా అడుగు కనబడ్డట్టు ఎవరూ చెప్పగా వినలేదు.

ఏడాది కింద పంజాగుట్ట మీద కొత్త బంగ్లా లేచింది. కట్టించినాయన పెద్ద కాంట్రాక్టరు. ఊళ్లో అందరూ బంగ్లా దొర అనేవాళ్లు. ఆయన కింద పనులన్నీ చూసే మనిషి పేరు ఆనందం. నేతపని ఇంట్లో పుట్టి, అమీర్‌పేటలోనే పెరిగి, ఉర్దూ, కొంచెం ఇంగ్లీషు నేర్చి పైకొచ్చినవాడు. మనోడు కదా అని అందరికీ నమ్మకం. ఒకనాడు అతను బావి దగ్గరికి వచ్చి మూడు ఇండ్ల వాళ్లనూ కూర్చోబెట్టాడు. గుట్ట మీద రాయి తప్ప నీళ్లు పడలేదని, ఈ బావి నుంచి పంపు పెట్టి పైకి తీసుకుపోతామని, బదులుగా దొర బావికి చుట్టూ రాతికట్టు కట్టిస్తాడని చెప్పాడు.

"ఎన్ని నీళ్లు గుంజుతది?" అని మంగవ్వే అడిగింది.

"నిమిషానికి ఇరవై గ్యాలన్లు."

"గ్యాలనంటే మాకేం తెలుస్తది ఆనందమన్నా?"

"గ్యాసునూనె డబ్బా తెలుసు గదా? దాంట్ల నాలుగు గ్యాలన్లు పడతయి. నిమిషానికి ఐదు డబ్బాలు. అంతే."

అందరూ నవ్వారు. వాళ్ల మోట ఒక్కసారి లేస్తేనే అంతకంటే ఎక్కువ నీళ్లు వస్తాయి. ఐదు డబ్బాలకు ఎండిపోయే బావి కాదది. సరే అన్నారు. పక్కనే పంపు గది కట్టారు, ఆయిలింజను బిగించారు. ఉప్పలయ్య అనే డ్రైవరు పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు నడిపేవాడు. రాతికట్టు సగం లేచి ఆగిపోయింది.

ఇప్పుడు బావి అడుగు తాకింది.

మంగవ్వ ఆనందాన్ని పిలిపించి అడిగింది. అతను ఆమెను పంపు గదిలోకి తీసుకుపోయి ఇంజను పక్కన పంపుకు బిగించి ఉన్న ఇత్తడి రేకు చూపించాడు. "సూడు. ఇరవై అని కొట్టి ఉన్నది. కావాలంటే సదువుకున్నోళ్లను తెచ్చి సూపిచ్చుకో. నా తప్పేం లేదు. వానలు లెవ్వు, ఊటలు ఎండినయి. బావిని ఇంకింత లోతు తవ్వుకోండ్రి."

ఊరి పెద్దమనుషులు కూడా వచ్చి చూశారు. రెండు, సున్నా. ఇరవై. "రాత అబద్ధమాడుతదా మంగవ్వా? ఊకె ఒకల మీద పడి ఏడ్వకు," అన్నారు. పక్కింటి చిలకమ్మ కూడా తల వంచుకుంది. మంగవ్వకు ఒళ్లు మండిపోయింది. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే. పంపు రాకముందు నీళ్లున్నాయి, వచ్చాక లేవు.

లోతు తవ్వడానికి హనుమాండ్లు, చిలకమ్మ మొగుడు ఐలయ్య దిగారు. హనుమాండ్లు నోట్లో నాలుక లేని మనిషి. ఎవరు ఏం చెప్పినా తల ఊపేవాడు. "ఊటలు తెగినయంటుండ్రు, తవ్వితే తేలతది," అంటూ గడ్డపార పట్టుకుని దిగాడు. అడుగున తవ్వుతుంటే పక్కనున్న బండ కింద మట్టి వదులై, బండ కూలింది. ఐలయ్య తప్పుకున్నాడు. హనుమాండ్లు కుడిపాదం బండ కింద పడి నుజ్జయింది.

బండి కట్టి దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ డాక్టరు ప్రాణం దక్కాలంటే పాదం తీసేయాలన్నాడు. తీసేశారు.

హనుమాండ్లు ఇంటికి వచ్చాక ఆనందం బత్తాయిలు పట్టుకుని చూడడానికి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, "దేవుడు చేసిన పని. మనమేం చేస్తం," అన్నాడు. హనుమాండ్లు తల ఊపాడు. ఆనందం పోయాక మంగవ్వ ఆ బత్తాయిలను ఎడ్ల గాటిలో పడేసింది.

"పండ్లేం పాపం చేసినయే?" అన్నాడు హనుమాండ్లు.

"నువ్వేం పాపం చేసినవు?"

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అతను అట్లా ఊరుకోవడం ఆమెకు ఇంకా మంట పుట్టించింది.

ఎడ్లకు కూడా నీళ్లు లేకపోయే రోజు వచ్చింది. మంగవ్వ సిగ్గు చంపుకుని, రెండు బిందెలు తీసుకుని పంజాగుట్ట ఎక్కింది. బంగ్లా వెనక పక్క గేటు తెరిచే ఉంది. లోపల ఆమె జొన్న చేనంత పచ్చగడ్డి, పశువులు మేయని గడ్డి, కత్తిరించి దువ్వినట్టుంది. మధ్యలో ఫౌంటెన్ ఎగురుతోంది. వెనకాల తొట్టి నిండి, పొంగి, నీళ్లు కాలువ కట్టి రోడ్డు పక్క గుంతలోకి పోతున్నాయి. అక్కడ రెండు కుక్కలు పడుకుని ఉన్నాయి.

మంగవ్వ బిందెలు నింపుకోలేదు. ఖాళీవే నెత్తిన పెట్టుకుని గుట్ట దిగింది. దారి పొడుగునా తనలో తాను తిట్టుకుంటూ నడిచింది. ఎవరిని తిడుతున్నదో ఆమెకే తెలియదు. బంగ్లాను, వానను, ఇత్తడి రేకును, తల ఊపే మొగుణ్ని.

మర్నాడు ఉప్పలయ్య ఇంజను నడపడానికి వస్తే మంగవ్వ పంపు గది గడపకు అడ్డంగా కూర్చుని ఉంది.

"లే అవ్వా. దొర నన్ను తీసేస్తడు."

"నా మీదికెళ్లి దాటిపో, పోతే."

ఉప్పలయ్య దాటలేదు. ఆనందం వచ్చాడు, బెదిరించాడు, బతిమాలాడు. ఊరు ఊరంతా పోగైంది. చివరికి ఆనందానికి కోపమొచ్చి, "నువ్వు ఎవరి మాట వింటవు? సర్కారు నీళ్ల మహకమాల పని చేసే ఓవర్సీర్ సాబ్‌ను పిలుస్త. పంపుల సంగతి ఆయనకంటే తెలిసినోడు పట్నంల లేడు. ఆయన చెప్తే నోరు మూస్తవా?" అన్నాడు.

"పిలువు," అన్నది మంగవ్వ.

హబీబుద్దీన్ ఓవర్సీరు సైకిల్ మీద వచ్చాడు. పొడుగాటి షేర్వానీ, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. ఎవరి మొహమూ చూడకుండా నేరుగా లోపలికి పోయి, రేకు మీద దుమ్ము తుడిచి చదివాడు. మళ్లీ చదివాడు. బయటికి వచ్చి ఆనందాన్ని అడిగాడు. "నిమిషానికి ఇరవై గ్యాలన్లు అని ఎవరు చెప్పినరు?"

"రేకు మీదనే ఉన్నది గదా సాబ్."

"రేకు మీద ఇరవై ఉన్నది. గ్యాలన్ ఎక్కడున్నది? నిమిషం ఎక్కడున్నది? ఇది జర్మనీ పంపు. ఇంగ్రేజు కొలతలు కావివి. ఇరవై పక్కన ఒక అక్షరం, దాని నెత్తిన చిన్న మూడంకె, ఆ పక్కన గంటకు గుర్తు. గంటకు ఇరవై ఘనమీటర్లు అని దాని మాట."

ఎవరికీ అర్థం కాలేదు. అతను సుద్దముక్క తీసి పంపు గది తలుపు మీద రాస్తూ, ఓపిగ్గా చెప్పాడు. "ఘనమీటరంటే నిలువు, అడ్డం, లోతు అన్నీ ఒక్కో మీటరున్న హౌజు, నీళ్ల తొట్టి. దాంట్ల వెయ్యి లీటర్లు పడతయి. మన గ్యాలనుకు నాలుగున్నర లీటర్ల చిల్లర. అంటే ఒక్క హౌజుల రెండువందల ఇరవై గ్యాలన్లు. గంటకు అట్లాంటి హౌజులు ఇరవై. నాలుగువేల నాలుగువందల గ్యాలన్లు. అరవై నిమిషాలకు పంచు. నిమిషానికి డెబ్బై మూడు."

"డబ్బాల లెక్కన చెప్పు సాబ్," అన్నది మంగవ్వ.

"పద్దెనిమిది డబ్బాలమ్మా. ఐదు కాదు."

జనం ఒక్కసారిగా కేకలేశారు. ఓవర్సీరు చెయ్యెత్తి ఆపి, ఉత్త మాట మీద నమ్మొద్దని నలభై గ్యాలన్ల పీపా తెప్పించాడు. పంపు గొట్టం విప్పి అందులో పెట్టి ఇంజను నడపమన్నాడు. అడుగున ఊరిన కాసిని నీళ్లతోనే పీపా నింపి చూపించాడు. ఆనందం చెప్పిన లెక్కకు రెండు నిమిషాలు పట్టాలి. గడియారం ముల్లు అర నిమిషం దాటిందో లేదో పీపా పొంగి పొర్లింది.

"నాకేం తెలుసు సాబ్," అన్నాడు ఆనందం. "కంపెనీవాడు అన్నది నేనన్న."

"కొనేటప్పుడు వాడికి ఏం చెప్పినవు?"

"అంత పెద్ద తోటకు సరిపోవాలె అన్న…"

"అంత తోటకు ఐదు డబ్బాలు సరిపోతయని నువ్వు అనుకున్నవా?"

ఆనందం చుట్టూ చూశాడు. దొరకడం ఖాయమని తెలిసినవాడి మొండితనం వచ్చిందతనికి. "తెలుసు! తెలుసు, అయితే ఏంది? డెబ్బై అంటే వీళ్లు ఒప్పుకుందురా? ఇరవై అని రాసి ఉన్నది, ఇరవై అన్న. అబద్ధం ఏం చెప్పిన?"

అప్పటిదాకా ఆనందమన్నా అని పిలిచిన మంగవ్వ లేచి అతని చొక్కా పట్టుకుంది. "ఒరేయ్! నడు. గీ మాట వచ్చి ఆయన ముంగట చెప్పు."

మడుల మధ్య నుంచి, ఎండిన కాలువ గట్ల మీద నుంచి అతన్ని ఈడ్చుకుంటూ ఇంటికి తీసుకుపోయింది. అతను విదిలించుకోవాలని చూశాడు గానీ వెనక ఊరంతా వస్తోంది. హనుమాండ్లు మంచం మీద ఉన్నాడు. గుడ్డ చుట్టిన కాలు తలగడ మీద పెట్టుకుని ఉన్నాడు.

"చెప్పు! ఊటలు ఎండలేదని చెప్పు. బాయి తవ్వే పనే లేదని చెప్పు. నీకు తెలిసి సుత దిగమన్నవని చెప్పు."

ఆనందం ఆ కాలు చూసి నేల చూపులు చూశాడు.

"పోనియ్యే మంగా," అన్నాడు హనుమాండ్లు నెమ్మదిగా. "ఇగ ఇప్పుడంటే మాత్రం కాలొస్తదా?"

మంగవ్వ ఆనందం చొక్కా వదిలేసింది. ఆ రోజు ఆమె అందరికంటే ఎక్కువగా తిట్టింది ఆనందాన్ని కాదు, మంచంలో ఉన్న మొగుణ్ని. చిలకమ్మ వచ్చి చేయి పట్టుకుని బయటికి తీసుకుపోయేదాకా తిట్టింది. తర్వాత గోడకు ఆనుకుని ఏడ్చింది.

ఓవర్సీరు పంపు గొట్టానికి వాల్వు బిగించి, పీపా నిండడానికి సరిగ్గా రెండు నిమిషాలు పట్టేదాకా మూసి, దాని తిప్పే చక్రం ఊడదీసి మంగవ్వ చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గర ఉండాలె," అన్నాడు. వానలు పడ్డాక బావి మెల్లగా లేచింది. మడులు మళ్లీ పచ్చబడ్డాయి. మోట మాత్రం ఇప్పుడు ఐలయ్య తోలాలి, లేదంటే మంగవ్వే తోలాలి.

దొర కబురు పంపాడు. జరిగిందానికి విచారిస్తున్నానని, హనుమాండ్లుకు బంగ్లా గేటు దగ్గర కావలి పని ఇస్తానని. మంగవ్వ కబురు తెచ్చినవాణ్ని వాకిట్లోనే నిలబెట్టి పంపించేసింది. కానీ హనుమాండ్లు, "మంచంల కూసుని నీ రెక్కల కష్టం ఎన్నడిదాకా తినాలె?" అని కర్ర చంకన పెట్టుకుని గుట్ట ఎక్కాడు. వాళ్లిద్దరి కాపురంలో అతను ఆమె మాట కాదన్నది అదొక్కసారే. అతను గేటు పక్క గదిలో ఉండిపోయాడు. మంగవ్వ చిలకమ్మ చేత రొట్టెలు పంపేది గానీ, ఆ గేటు ముందు నుంచి నడవలేదు.

జర్మనీతో యుద్ధం మొదలయ్యాక కొన్నాళ్లకు పంపు చెడింది. దానికి సామాను ఎక్కడా దొరకలేదు. దొర తోట ఎండింది. చిలకమ్మ వచ్చి చెబితే మంగవ్వ నమ్మక, తానే గుట్ట ఎక్కి చూసింది. గడ్డి తుక్కు రంగుకు తిరిగింది, ఫౌంటెన్‌లో ఆకులు రాలి ఉన్నాయి. గేటు దగ్గర హనుమాండ్లు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లోపలి నుంచి ఆనందం కారులో వస్తుంటే అతను కర్ర మీద లేచి, గేటు తీసి, సలాము చేశాడు. కారు పోయింది.

మంగవ్వ అతని ముందు నిలబడింది. "వానికి సుత చేస్తున్నవా?"

"నౌకరీ గదనే."

"గా చెయ్యి దించు. మూట కట్టుకో."

హనుమాండ్లు ఆమె మొహం చూశాడు. లోపలికి పోయి మూట కట్టుకున్నాడు. దిగువకు నడుస్తుంటే ఆమె ముందు ఒక అడుగు వేసి, వెనక్కి చూసి ఆగి, మళ్లీ నడిచింది. ఇల్లు చేరాక జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. అతను తిన్నంతసేపూ తిడుతూనే ఉంది. అతను ఇంకో రొట్టె అడిగాడు.

యుద్ధం అయిపోయాక దొర మళ్లీ పంపు తెప్పించాడు. ఈసారి అమెరికాది. ఆనందం రాలేదు, ఉప్పలయ్యను పంపాడు. "అవ్వా, దీని మీద సాఫ్ రాసి ఉన్నది. నిమిషానికి ఇరవై గ్యాలన్లు. హౌజులు లెవ్వు, మీటర్లు లెవ్వు," అన్నాడు ఉప్పలయ్య.

మంగవ్వ హబీబుద్దీన్ ఓవర్సీరుకు కబురు పెట్టింది. పించను తీసుకుని ఇంట్లో ఉన్న ముసలాయన టాంగాలో వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని రేకు చదివి నవ్వాడు. "గ్యాలన్లే అమ్మా. కానీ అమెరికా గ్యాలన్లు. మన గ్యాలన్ కంటే చిన్నవి. వాళ్ల ఇరవై మనకు పదహారున్నరకు జర ఎక్కువ."

"ఇగ మంచిదే గదా అవ్వా!" అన్నాడు ఉప్పలయ్య. "మనం ఒప్పుకున్నదానికంటే తక్కువే గుంజుతది."

"మంచిదో చెడ్డదో నేను సూసుకుంట," అన్నది మంగవ్వ. "ఎక్కువైతే ఎక్కువని, తక్కువైతే తక్కువని ముందుగాల చెప్పాలె. ఇరవై అని నా మొకాన కొట్టి పోతే ఇయ్యాల సుత నేను నమ్మాల్నా?"

"తప్పయింది అవ్వా."

"పీపా తే. సాబ్, మీ గడియారం తియ్యండ్రి."

హనుమాండ్లు కర్ర ఊతంతో వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ఉప్పలయ్య పీపా దొర్లించుకొచ్చి గొట్టం కింద నిలబెట్టాడు. మంగవ్వ కొంగు నడుముకు చుట్టి, పీపా అంచు పట్టుకుని లోపలికి వంగి చూసింది.

"ఊఁ, నడుపు," అన్నది.