అమీర్‌పేటలో కూర్చుని పంజాగుట్టలో లేచే బండి

రెండువేల ఐదు వేసవి నాటికి నేను పంజాగుట్టలోని ఒక ప్రైవేటు గ్యారేజీలో ఫోర్‌మన్‌గా చేరి మూడేళ్ళు దాటింది. అన్ని కంపెనీల బండ్లూ చూసే గ్యారేజీ మాది. ఫోర్‌మన్ హోదా మెకానిక్కు పైన, యజమానికి కింద. బండి బాగుపడితే పేరు మెకానిక్‌ది, లాభం యజమానిది, బాగుపడకపోతే చీవాట్లు ఫోర్‌మన్‌వి. బండి లోపలికి రాగానే కస్టమర్ చెప్పిన బాధ, మేం కనిపెట్టిన కారణం, చేసిన పని ఒక కాగితం మీద రాస్తాం. దాన్ని జాబ్ కార్డు అంటారు. అదే బాధతో బండి మళ్ళీ వస్తే ఆ కార్డు మీద ఎర్ర సిరాతో ‘రిపీట్’ అని రాస్తారు. నా సర్వీసు మొత్తంలో ఒకే బండికి మూడు ఎర్ర రాతలు పడింది ఒక్కసారే. పడాల్సిందే, తప్పు నాదే కాబట్టి.

బండి యజమాని సుధాకర్ గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పెట్టుకున్న మనిషి. అప్పట్లో అక్కడ గోడ కనిపించకుండా బోర్డులు, బోర్డు కనిపించకుండా పాంప్లెట్లు. వందమంది చెప్పే కోర్సే తనూ చెబుతున్నప్పుడు జనం తన మెట్లే ఎందుకెక్కాలని ఆలోచించి, ఆయన రెండు లక్షల కిలోమీటర్లు దాటిన ఒక విదేశీ ఎస్‌యూవీని మూడో ఓనరుగా కొన్నారు. కంపెనీ పేరు చెప్పను, ఈ కథలో దాని తప్పేమీ లేదు. ఆ నల్లటి బండిని సెంటర్ ముందు నిలబెట్టేవారు. జిల్లాల నుంచి పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తండ్రులు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగేవారు. కోర్సు చేస్తే ఇలాంటిది కొంటారని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పే పని బండి చేసేది.

ఇలాంటి బండిని తక్కువ ఖర్చుతో నడపడం ఒక విద్య. కంపెనీ సర్వీసు వాళ్ళు చెడిపోయిన భాగాన్ని మొత్తంగా మారుస్తారు. మేం దాన్ని విప్పి, లోపల అరిగిన ముక్క మాత్రం మారుస్తాం. బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు బండి కంపెనీ డబ్బాలో కొంటే ఒక ధర, వాటిని తయారుచేసినవాడి డబ్బాలో కొంటే సగం ధర. లోపల ఉండేది ఒకటే సరుకు. ఒక్క ఆయిల్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. ఈ పద్ధతిలో సుధాకర్ గారి బండిని ఏడాదిపాటు బ్రహ్మాండంగా తిప్పాను. ఆ గర్వం నాకుండేది, దాచుకోలేదు కూడా.

ఏప్రిల్ నెలలో బండి కూర్చుంది. అంటే చెడిపోయి ఆగిపోవడం కాదు, నిజంగానే కూర్చుంది. ఆ రకం బండికి స్ప్రింగుల బదులు నాలుగు చక్రాల దగ్గరా గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి. కింద ఒక చిన్న కంప్రెసర్ వాటికి గాలి కొడుతుంది. సంచుల్లో గాలి తగ్గితే బండి చక్రాల మీదికి దిగిపోయి, గేదె మడుగులో కూర్చున్నట్టు కూర్చుంటుంది. పాత సంచుల్లోంచి కొంచెం కొంచెం గాలి దిగడం మామూలే. ఇంజన్ స్టార్ట్ చేయగానే కంప్రెసర్ ఆ లోటు పూడ్చాలి. ఇక్కడ పూడ్చడం లేదు. కంపెనీ సర్వీసు వాళ్ళు బండి పాతదైపోయింది, నాలుగు సంచులూ కంప్రెసరూ కలిపి మార్చాలన్నారు. ఆ ఖర్చుకు ఇంకో పాత బండి వస్తుంది.

సుధాకర్ గారు నా దగ్గరికొచ్చి ఉన్నమాట చెప్పారు. “చూడండి, పోయినసారి రెండు బ్యాచ్‌లూ నిండలేదు. వచ్చే నెల ఆఖరి ఆదివారం డెమో క్లాసు ఉంది. అదీ నిండకపోతే ఫ్లోరు ఖాళీ చేసి ఊరెళ్ళిపోవడమే. ఎదురు సెంటర్ వాళ్ళు ఏమంటున్నారో తెలుసా? వాళ్ళ బండే లేవలేకపోతోంది, మీ పిల్లల్నేం పైకి తెస్తారు అంటున్నారండీ.”  నాకు జాలేసింది. డెమో రోజుకి బండి నిలబడి ఉంటుందని మాటిచ్చేశాను.

మా తనిఖీ పట్టికలో మొదటి అంశం: డిక్కీ ఖాళీ చేయించి చూడాలి. మా ఎలక్ట్రీషియన్ సలీం డిక్కీలో స్టెప్నీ మీది మూత ఎత్తాడు. కుడివైపు మూలకు దగ్గరగా ఎర్ర గుడ్డలో చుట్టిన కొబ్బరికాయ, దాని మీద కుంకుమ, పక్కన ఎండిన నిమ్మకాయ. సలీం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “భాయ్, ఇది పూజ సామాన్. నేను ముట్టను, మీరు చూస్కోండి.” ఆ పూట నేను ఇరానీ హోటల్లో డబుల్ ఆమ్లెట్ తిని వచ్చాను. ఆ చేత్తో ఎలా ముట్టుకుంటాను? రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి, మూత వేసి, పట్టికలో ‘డిక్కీ చూడబడినది’ అని టిక్కు కొట్టాను.

తర్వాతదంతా శాస్త్రోక్తంగా చేశాం. బండిని లిఫ్టు మీద ఎత్తి గాలి గొట్టాలన్నిటికీ సబ్బు నీళ్ళు పూశాం. గాలి పోతున్న చోట బుడగలొస్తాయి. ఒక కీలు దగ్గర సన్నటి బుడగలు కనిపిస్తే లోపలి రబ్బరు రింగు మార్చాం. బండి టక్కున లేచింది. ‘రింగు పాతబడి గాలి దిగుతోంది’ అని కార్డు మీద రాసి పంపించాను. మర్నాడు సుధాకర్ గారి ఫోన్. సెంటర్ ముందు మళ్ళీ కూర్చుందట.

సుధాకర్ గారి డ్రైవర్ యాదగిరి దాన్ని వెనక్కి తెచ్చాడు. మా గేటు దాటేసరికి బండి నిటారుగా ఉంది. “అన్నా, పంజాగుట్ట సర్కిల్ కాడికి రాంగనే మెల్లగ లేస్తది. అమీర్‌పేటకు పోంగనే గూసుంటది. గీ బండికి మన గ్యారేజీ అంటే మస్తు ఇష్టం ఉన్నట్టుంది” అన్నాడు. మెకానిక్కు శత్రువు చెడిపోయిన బండి కాదు, తన ముందు మంచిగా నడిచే చెడిపోయిన బండి. కంప్యూటర్ తగిలించి చూస్తే కంప్రెసర్ వేడెక్కి ఆగిపోయిందన్న పాత నమోదు ఉంది. వయసు మళ్ళిన కంప్రెసర్ కదా అనుకుని కింద నుంచే విప్పి, పిస్టన్ రింగు మార్చాం. మొదటి ఎర్ర రాత పడింది. నాలుగు రోజులు బాగుంది, మళ్ళీ కూర్చుంది, రెండో ఎర్ర రాత పడింది. మూడోసారి రిలే మార్చాం. రిలే అంటే కంప్రెసర్‌కు కరెంటు అందించే చిన్న స్విచ్చు. అప్పటికీ బండి తిరిగొచ్చి మూడో ఎర్ర రాత పడ్డాక మా యజమాని నన్ను పిలిచి, నీకు వాటర్ సర్వీసింగ్ సెక్షన్ అంటే ఇష్టమా అని చాలా మర్యాదగా అడిగాడు. ప్రతిసారీ మూత ఎత్తాం. ప్రతిసారీ నేను దణ్ణం పెట్టాను. మూడోసారి సలీం కూడా గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు.

డెమో ఆదివారం వచ్చింది. మాటిచ్చినవాణ్ణి కనుక పొద్దున్నే సలీంతో కలిసి అమీర్‌పేట వెళ్ళాను. బండి నేలకు అతుక్కుని ఉంది. మెట్ల మీద ఒక యాభైమంది తండ్రులు, పిల్లలు. ఎదురు సెంటర్ వాళ్ళు తమ బాల్కనీలోకి కుర్చీలు తెచ్చుకుని మరీ చూస్తున్నారు. ఇంజన్ ఆన్‌లో పెట్టించాను. కంప్రెసర్ కాసేపు మూలిగి ఆగిపోయింది. చల్లారాక మళ్ళీ మూలిగింది. అప్పటికే ఇద్దరు తండ్రులు మెట్లు దిగి రోడ్డు దాటారు. సుధాకర్ గారు నా వైపు చూసిన చూపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పుడు సుధాకర్ గారి అమ్మగారు పళ్ళెంతో కిందికి దిగారు. పేరు రత్నమ్మ గారు. పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొత్త కొబ్బరికాయ. నలభై రోజుల మండలం పూర్తయింది, పాత కాయ తీసి కొత్తది పెట్టాలి, డిక్కీ తియ్యమన్నారు. ఇప్పుడెందుకమ్మా అని కొడుకు బతిమాలుతున్నా వినలేదు. తలస్నానం చేసి వచ్చిన మనిషి, ఆమెకు మాలాగా మొహమాటం లేదు. మూత ఎత్తి ఎర్ర మూటను పట్టుకుని లాగారు. ఏదో అంటుకున్నది ఊడినట్టు చప్పుడైంది. మరుక్షణం కంప్రెసర్ గొంతు మారింది. మొదట బండి వెనక భాగం లేచింది, కాసేపటికి ముందు భాగం. రత్నమ్మ గారు మూట పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసి, “నాయనా, చూశావా దిష్టి ఎలా వదిలిందో!” అన్నారు.

మెట్ల మీద చప్పట్లు మోగాయి. ఎవరో పెద్దమనిషి, గిదంతా రిమోటా సార్ అని అడిగాడు. సుధాకర్ గారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. “ఆటోమేషనండీ. మూడో నెల సిలబస్‌లో ఉంది” అన్నారు. రోడ్డు దాటిన ఇద్దరు తండ్రులూ తిరిగొచ్చారు.

నేను డిక్కీలోకి వంగి చూశాను. కంప్రెసర్ కిందే ఉన్నా, అది దుమ్ములేని గాలి పీల్చుకోవడానికి ఒక రబ్బరు గొట్టం పైకొచ్చి ఆ మూలలోనే తెరుచుకుంటుంది. దాని మూతి చుట్టూ గుండ్రంగా కుంకుమ. కంప్రెసర్ గాలి పీల్చినప్పుడల్లా ఎర్ర గుడ్డ మూతికి అతుక్కుంటోంది, పైన కొబ్బరికాయ బరువు. ఊపిరాడక వేడెక్కి ఆగిపోతోంది. మరి మా దగ్గరకొచ్చేసరికి ఎందుకు లేచేదో యాదగిరి చెప్పాడు. “రోడ్డు మీద గుంతలు గదన్నా, కాయ దొర్లి పక్కకు పోతది. ఈడికి రాంగనే మల్ల మూలకు సర్ది పెడ్త. యాదికి రాకుంటే మూడు నాలుగు దినాలు అట్లనే ఉంటది. అమ్మ చెప్పింది, గా మూలకే ఉండాలె అని.” మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని అడిగాను. “మీరు అడగలే గదన్నా. మీరు సుత దండం పెడ్తిరి, ఎర్కేనేమో అనుకున్న” అన్నాడు.

కారణం దొరికింది కానీ గండం తీరలేదు. రత్నమ్మ గారు కొత్త కాయకు ఎర్ర గుడ్డ చుట్టి, మళ్ళీ అదే మూలలో పెట్టబోతున్నారు. నేను గొట్టం చూపించి, గాలి ఆడదమ్మా అన్నాను. “గాలి సంగతి నువ్వు చూసుకో బాబూ. నైరుతిలో బరువుండాలి, అది శాస్త్రం” అన్నారు. బండి తూర్పు ముఖంగా నిలబడి ఉంది, కనుక వెనక కుడి మూల నైరుతి. బండి తిరిగితే దిక్కు మారదా అని సలీం అమాయకంగా అడిగాడు. “తిరిగేదానికి దిష్టేంటి నాయనా? నిలబడితేనేగా నలుగురూ చూసేది” అన్నారామె. 

ఆ గొట్టాన్ని వేరే చోటికి మళ్ళించడానికి ఒక పూట పడుతుంది, పైగా జనం చూస్తుండగా బండి విప్పలేం. నేను వేళ్ళ మీద దిక్కులు లెక్కపెట్టుకున్నాను. బండి ముఖం పడమటికి తిప్పితే నైరుతి ముందువైపు ఎడమ మూలకు వస్తుంది. అక్కడుండేది గ్లోవ్ బాక్స్, అంటే డ్రైవర్ పక్క సీటు ముందుండే చిన్న అర. గాలి గొట్టానికీ దానికీ సంబంధం లేదు. ఆ మాట చెప్పగానే రత్నమ్మ గారు, దేవుడి ముందు కూర్చునే సీటులో ఎవరూ కాళ్ళు చాపకూడదన్న షరతుతో ఒప్పుకున్నారు. అయితే తెచ్చిన కాయ ఆ అరలో పట్టలేదు. సలీం వెర్నియర్ కాలిపర్స్ తీసి అర లోతు కొలిచి, సందు చివరి కొబ్బరికాయల బండి దగ్గరికి వెళ్ళాడు. దాంతో ఒక్కో కాయా కొలుస్తుంటే, ఆ వ్యాపారి తూనికల శాఖ మనిషనుకుని మూడు పెద్ద కాయలు చేతిలో పెట్టి దణ్ణం పెట్టాడట. సలీం అవి తిరిగిచ్చేసి, పట్టే సైజుది ఒకటి ఏరి తెచ్చాడు.

యాదగిరి ఒక్కడే అసంతృప్తి. “ఇగ దినాం సందులకెళ్ళి రివర్స్‌ల రావాల్నా అన్నా?” అన్నాడు. రావాలనే చెప్పాను.

ఆ బ్యాచ్ నిండింది. చాలక ఉదయం ఇంకో బ్యాచ్ పెట్టారు. సుధాకర్ గారు ఫ్లోరు ఖాళీ చేయలేదు. ఆయన లెక్కలో పేరు ఆటోమేషన్‌కు దక్కింది, ఆయన తల్లి లెక్కలో కొబ్బరికాయకు. మా యజమాని మాత్రం మూడు ఎర్ర రాతలూ మర్చిపోలేదు, నేను నాలుగు శనివారాలు వాటర్ సర్వీసింగ్ చూశాను.

అక్కడ బండ్ల మీద నీళ్ళు కొడుతూ ఆలోచించుకున్నాను. రింగు, కంప్రెసర్, రిలే, అన్నిటికీ నేను రాసిన కారణం ఒక్కటే: పాతబడింది. కంపెనీ వాళ్ళూ అదే అన్నారు. ఎక్కువ తిరిగిన బండి అనగానే వయసు మీదికి నెట్టేయడం తేలిక, అది ఎదురు చెప్పదు. నిజానికి బండిని కూర్చోబెట్టేంతగా అందులో పాడైంది ఏదీ లేదు. ఆ తర్వాత డిక్కీని యజమాని చేతనే ఖాళీ చేయించడం మొదలుపెట్టాను. ‘బండి పాతది’ అన్న మాటను ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఏ జాబ్ కార్డు మీదా కారణంగా రాయలేదు, నా కింద పనిచేసినవాళ్ళను రాయనివ్వలేదు.