మాస్టారి కోర్టు ఖర్చులు

నా చిన్నప్పుడు, మండపేట దగ్గర మా ఊళ్లో చేలకు నీళ్లు పారే పంట బోదెకు మట్టితో అడ్డుకట్ట వేసి, నీళ్లు తోడేసి చేపలు పట్టడం పిల్లలందరికీ అలవాటే. ఆట అయ్యాక కట్ట తెంచేసి రావాలి. ఒకసారి నేను తెంచకుండా వచ్చేశాను. మా తాతయ్య చుట్టాలింట్లో పెళ్లికని పిఠాపురం వెళ్లి వచ్చేసరికి, నీళ్లందక మా నారుమడి ఎండిపోయింది. ఆయన గట్టిగా అడిగితే, దెబ్బలకు భయపడి, మా పై చేను ఆసామి అయిన మా బడి మాస్టారు కట్ట వేస్తుంటే చూశానని చెప్పాను.

తాతయ్య నా మాట నమ్మి, మాస్టారి మీద నష్టపరిహారానికి దావా వేశారు. ఏడాదిపైగా వాయిదాలు నడిచాయి. వాయిదా ఉన్నప్పుడల్లా మాస్టారు బడికి సెలవు పెట్టి బస్సెక్కేవారు. మర్నాడు వచ్చి మామూలుగానే మాకు ఎక్కాలు చెప్పించేవారు. నన్ను ఒక్క మాట అనలేదు.

చివరికి నేను సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. ముందురోజు తాతయ్య కాళ్ల దగ్గర కూర్చుని, ఏడుస్తూ నిజం చెప్పేశాను. ఆయన కొట్టలేదు.

మర్నాడు కోర్టు వరండాలో మా ప్లీడరు గారు సంగతి విని తేలిగ్గా తీసుకున్నారు. "కేసు వెనక్కి తీసుకుందామండి. ఎవరి ఖర్చులు వాళ్లవేనని రాయించేస్తాను. మాస్టారు బతుకుజీవుడా అని ఒప్పేసుకుంటారు."

"వద్దండి. ఆయన ఖర్చులు నా మీదే వేయమనండి" అన్నారు తాతయ్య.

"ఊరంతా నవ్వుతారండి బాబూ!"

"నవ్వనివ్వండి. ఏడాదిగా ఆయన్ని చూసి నవ్వారుగా."

సరిగా విచారించుకోకుండా దావా వేశానని తాతయ్య జడ్జి గారి ముందు ఒప్పుకున్నారు. నా పేరు ఎత్తలేదు. కోర్టు వేసిన ఖర్చులు బస్సు చార్జీలకు, కోతపడిన జీతానికి చాలవని, మిగతాది కూడా తనే కలిపి పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మాస్టారింటికి వెళ్లారు. మాస్టారు వద్దంటే, "మీరు పుచ్చుకోకపోతే నేను కేసు సగమే వెనక్కి తీసుకున్నట్టండి" అన్నారు.

నేను గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాను. నేను నోరు విప్పుతానేమోనని తాతయ్య కాసేపు ఆగారని ఇప్పుడు అనిపిస్తుంది. విప్పలేదు. మాస్టారు బతికున్నన్నాళ్లూ విప్పలేదు.

పెద్దయ్యాక కూడా తొందరపడి ఎందరినో నిందించి, పొరపాటైందని ఒక్క మాట అనేసి చేతులు దులుపుకున్నాను. ఈ వయసులో, చాలా ఆలస్యంగా, అన్న మాట వెనక్కి తీసుకున్నప్పుడల్లా దానివల్ల వాళ్లకు ఏం పోయిందో అడుగుతున్నాను. జవాబు వినడానికి ఇప్పటికీ భయమే. అయినా, పూర్తిగా విన్నాకే లేచి వస్తున్నాను.