ఎప్పటికి కావాల?

మా సారు పోయిన సంగతి నాకు ఎవరూ ఉత్తరం రాసి తెలపలేదు, తంతి ఇవ్వలేదు. దేవనకొండ పక్క పల్లె నుంచి బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చిన ఒక రైతు పెద్దమ్మ, బ్యాంకులో నా మేజా ముందు నిలబడి చెప్పింది. "సారు పోయినాడప్పా. శుక్రవారం మధ్యాన్నం అన్నం తిని పండుకున్యాడంట. మళ్ళ లేయలేదంట." చెప్పి, కొంగు ముడి విప్పి మడతపెట్టిన చీటీ ఒకటి తీసి నా ముందు పెట్టింది. సారు పోవడానికి వారం రోజుల ముందు రాసిచ్చిన చీటీ అది. విప్పకముందే, పైన నా పేరు రాసిన తీరు చూసి ఆయన రాత అని గుర్తుపట్టాను. ఆ రాత కోసం నేను ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నాను.

ఎందుకు ఎదురుచూశానో చెప్పాలంటే ఆదోని నుంచి మొదలుపెట్టాలి.

పత్తి మార్కెట్టు వీధిలో ఒక మండీ పైన మేడగది ఆయనది. "ఆదాయపు పన్ను, పొదుపు, సలహాలు" అని రేకు బోర్డు ఉండేది. వ్యాపారుల పన్ను కాగితాలు రాయడం ఆయనకు అన్నం పెట్టిన పని. తక్కిన పొద్దంతా పల్లెల నుంచి వచ్చినవాళ్లకు, చేతికొచ్చిన నాలుగు డబ్బులు ఎక్కడ దాచుకోవాలో చెప్పేవారు. పోస్టాఫీసా, బ్యాంకా, ఇన్సూరెన్సా, ఇంకొకటా అని. దానికి ఫీజు లేదు. సీజనులో ఎవరో ఒకరు వేరుశెనక్కాయలు తెచ్చి గది మూల పోసి వెళ్లేవారు. మేమిద్దరం వారమంతా వాటిని ఒలుచుకుంటూ పని చేసేవాళ్లం.

నేను మంత్రాలయం దగ్గరి పల్లెలో పురోహితుల ఇంట పుట్టి, డిగ్రీ చదివి, మంత్రాలు నావల్ల కావని తేల్చుకుని ఎమర్జెన్సీ రోజుల్లో ఆయన దగ్గర చేరాను. నాకు వడ్డీ రేట్లన్నీ కంఠతా వచ్చు. అదొక గర్వం. చేరిన కొత్తల్లో ఒక పెద్దాయన వస్తే, సారు నోరు తెరవకముందే ఎక్కడ ఎంత వడ్డీ వస్తుందో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. సారు చివరిదాకా విన్నారు. "బాగా చెప్పినావప్పా. ఆయనకేం కావాల్నో ఎప్పుడు అడుగుతావు?" అన్నారు. ఆ పెద్దాయన కూడా నవ్వాడు. ఇప్పటికీ తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

సారు అడిగేది ఒకటే ప్రశ్న. "ఎప్పటికి కావాల?" దానికి జవాబు రానిదే ఏ సలహా ఇచ్చేవారు కాదు. కొందరు విసుక్కునేవాళ్లు. యాడ పెట్టాలో చెప్పమంటే ఎప్పటికని అడుగుతాడేమప్పా ఈయన అని మెట్లు దిగుతూ నాతో అనేవాళ్లు. మళ్లీ డబ్బు చేతికొస్తే మాత్రం ఆ మెట్లే ఎక్కేవాళ్లు. ఎక్కడా పెట్టొద్దు, పోయి ఎద్దును కొనుక్కో అని ఆయన పంపించినవాళ్లు కూడా ఉన్నారు. మన పని చెప్పేది కాదు, అడిగేది అని నాతో ఎన్నిసార్లన్నారో లెక్కలేదు.

జిన్నింగు మిల్లుల దూది ఎగిరొచ్చి ఆ గదిలో అన్నిటి మీదా వాలేది. ఏ కాగితం తీసుకున్నా ముందు ఒకసారి ఉఫ్‌మని ఊది, అప్పుడు కలం పెట్టేవారు. ఆ దూదినే వేళ్లతో ఉండచుట్టి కళ్లద్దాలు తుడుచుకునేవారు. ఊరికే వస్తుంటే వాడుకోకపోతే ఎట్లా అనేవారు.

ఆఫీసుల్లో తెలిసినవాళ్ల దగ్గరికి మనిషిని పంపేటప్పుడు చీటీ రాసిచ్చేవారు. రెండు వాక్యాలు. ఈ మనిషికి ఫలానా అప్పటికి కావాల. చూడగలరు. అంతే.

ఐదేళ్లయ్యాక ఎమ్మిగనూరులో ఒక బ్యాంకు కొత్త బ్రాంచి తెరిచింది. ఊళ్లు తిరిగి డిపాజిట్లు కట్టించే మనిషి కావాలన్నారు. నెల జీతం, సైకిలు అలవెన్సు. నాకు వెళ్లాలని ఉంది, ఆయనతో చెప్పాలంటే నోరు రాదు. చివరికి నా దరఖాస్తు ఆయనే ఊది, ఆయనే దిద్దారు. నేను బయల్దేరే రోజు మెట్ల దాకా వచ్చి అన్న మాట ఇది. "ఈడ మనకు పది దార్లున్నాయి, ఏదైనా చూపిస్తిమి. ఆడ నీకుండేది ఒకటే దారి. అది వాళ్లకు పనికిరాదనుకో, ఆ మాట కూడా నువ్వే చెప్పాల." నేను తల ఊపాను. కొత్త చెప్పులు వేసుకుని ఉన్నాను, బస్సు తప్పిపోతుందేమోనని ఒక కన్ను వీధి మీదే ఉంది.

అప్పటి నుంచి నాకూ ఆయన చీటీలు వచ్చేవి. మిగతా వాళ్లకు రాసినట్టు చూడగలరు అని కాదు. "నువ్వు చూసుకో" అని. ఆ రెండు మాటలకు నేను ఎంత పొంగిపోయేవాణ్నో ఆయనకు తెలుసో లేదో.

ఈ పెద్దమ్మ మొదటిసారి నా దగ్గరికి వచ్చింది అలాంటి చీటీతోనే. ఆరేళ్ల కిందట, జూన్ నెల ఆఖరు. ఆ ఏడు ఇంకా చినుకు పడలేదు. బ్యాంకులో అర్ధసంవత్సరం లెక్కలు ముగిసే వారం, మేనేజరు పొద్దున్నే పిలిచి ఎన్ని డిపాజిట్లు తెచ్చావని అడిగే వారం. ఆమె మేకలు అమ్మిన డబ్బు తెచ్చింది. చీటీలో ఉన్నా, అలవాటు కొద్దీ ఎప్పటికి కావాలని అడిగాను. ముంగారికి అంది.

ముంగారంటే మా వైపు తొలకరి పంట. మా ఇంట్లో ముంగారు పంచాంగంలో ఉండేది. నాన్న చదివి చెప్పేవారు, మేం వినేవాళ్లం. మాకు చేనా, కొట్టమా? పంచాంగం ప్రకారం ముంగారు కార్తెలు చాలావరకు దాటిపోయాయి. అయిపోయిన ముంగారికి ఎవరైనా డబ్బు కావాలంటారా, వచ్చే ఏటిదే అయి ఉంటుందనుకున్నాను. ఏడాది డిపాజిట్ కట్టించాను. నాకు తెలియక చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు ఆయన లేరు కాబట్టి నిజం ఒప్పుకుంటున్నాను. ఇంకొక్క మాట అడిగితే తెలిసేది. అడిగితే ఆ డిపాజిట్ చేజారుతుందని అడగలేదు.

వారం తిరక్కుండా వాన పడింది. మరునాడే ఆమె విత్తనాలకు డబ్బు కావాలని వచ్చింది. గడువుకు ముందు తీయాలంటే పై ఆఫీసు అనుమతి కావాలి, నాలుగు రోజులాగి రమ్మన్నారు మేనేజరు. విత్తడానికి వీలిచ్చే నేల పదును, ఆ తడి, నాలుగు రోజులు ఆగదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నేరుగా ఆదోని బస్సెక్కింది.

మూడో రోజు సారు మా బ్యాంకుకు వచ్చారు. టీ తాగుదాం రమ్మని బయటికి పిలుచుకుపోయారు. టీ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ అడిగారు.

"ఎప్పటికి కావాలని అడిగినావా?"

"అడిగినాను సార్. ముంగారికి అనింది."

"ముంగారు ఎప్పుడప్పా?"

"జూన్ కదా సార్."

"వాన పడినప్పుడు," అన్నారు.

తెలిసిన అంగట్లో తన మాట మీద విత్తనాలు ఇప్పించాననీ, ఆలోగా పదును ఆరిపోయి ఆమె సగం చేనే విత్తగలిగిందనీ, మిగతా సగం ఈ ఏటికి బీడేననీ చెప్పారు. డబ్బులు నేనే ఇస్తాను సార్ అన్నాను. ఆయన నా మొహం కేసి చూసి, సాసరు కింద పెట్టి, బస్సుకు టైమయిందని లేచారు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టిన మనిషి దగ్గరికి మళ్లీ పోగలం.

ఆ తర్వాత చీటీలు రాలేదు. నాకు ప్రమోషన్ వచ్చింది, పెళ్లయింది, సైకిలు పోయి మోటారు సైకిలు వచ్చింది. ఆదోని నుంచి ఎవరు బ్యాంకులోకి వచ్చినా వాళ్ల చేతుల కేసి చూసేవాణ్ని. మూడుసార్లు ఆ మేడ కింద దాకా వెళ్లాను. ఒకసారి పైనుంచి ఆయన గొంతు స్పష్టంగా వినిపించింది, ఎవరినో ఎప్పటికి కావాలని అడుగుతున్నారు. నన్నే అడిగినట్టయి నిలబడిపోయాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, మళ్లీ తీసుకుని వచ్చేశాను. ఎంత మూర్ఖుణ్ని. పన్నెండు మెట్లు.

పెద్దమ్మ చెప్పిన మరునాడు వెళ్లి ఆ పన్నెండు మెట్లూ ఎక్కాను. గది తీసే ఉంది. కుర్చీ గోడ వైపు జరిపి ఉంది. మేజా మీద వారం రోజుల దూది పల్చగా పరుచుకుని ఉంది. ఊదబోయాను, చేతకాలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏడ్చాను. పక్కనున్న ఆయన ఎవరు పోయినారన్నా అని అడిగితే, మా సారు అన్నాను. ఆ మాట ఆరేళ్ల తర్వాత నోరారా అన్నాను.

ఇక ఆ చీటీ. ఆ రోజు పెద్దమ్మ ముందే విప్పి చదివాను. "ఈమెకు ముంగారికి కావాల. నువ్వు చూసుకో."

నేను తల ఎత్తలేకపోయాను. ఆమె కాసేపు చూసి, "ఎప్పటికని అడగవా అప్పా?" అంది.

అడిగాను. ఆమె గుమ్మంలోంచి బయటికి, ఎండకు తెల్లబారిన ఆకాశం కేసి చూసింది. డిపాజిట్ ఫారం పక్కన పెట్టేసి, ఆమె తెచ్చిన డబ్బును ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా సేవింగ్సులో వేశాను.

ఇది రాస్తున్న ఈ పొద్దున దేవనకొండ వైపు కొంచెం మబ్బు కనిపించింది. డబ్బు తీసుకునే ఫారం ఒకటి బయటికి తీశాను. మా బ్యాంకులో దూది ఉండదు. అయినా ఒకసారి ఊది, ఆమె పేరు రాసి, తేదీ రాయకుండా మేజా మీద పెట్టుకున్నాను.