మా ఇంటి ప్రతిపక్షం

మా చిన్నన్న కేశవన్‌కు ఒకటే గుణం. ఎవరు ఏమన్నా కాదనడం. పెద్దన్న రామసామి "ఈరోజు వాన వచ్చేటట్టుంది" అంటే చాలు, చిన్నన్న మంచం తీసుకుపోయి వాకిట్లో వేసుకునేవాడు. తడిసేవాడు. తడిసి ముద్దయి లోపలికి వచ్చి, "ఇది వాన కాదు, తుంపర" అనేవాడు.

పెళ్లిచూపుల్లో పిల్ల బాగుందని ఇంటిల్లిపాదీ అన్నందుకు పెళ్లే మానుకున్నాడు. "ఒక్కరన్నా బాగలేదని ఉంటే చేసుకుని ఉందును" అని నాతో అన్నాడు. ఓటు కూడా ఓడిపోయేవాడికే వేసేవాడు. ఖర్మకాలి ఆ మనిషి గెలిస్తే మర్నాటినుంచి వాణ్ణే తిట్టేవాడు.

ఇక ఫిబ్రవరి చివర ఢిల్లీలో బడ్జెట్ చదివినారంటే చిన్నన్నకు పూనకం. ఇండూరు బస్టాండులో సెంగోడన్ టీకొట్టుకు పోయి అరవ పేపరంతా నమిలి మింగి, ఇంటికి వచ్చి మా మీద కక్కేవాడు.

"మంత్రి ఒక్కో శాఖకూ ఇంత కావాలని అడుగుతాడు. ఎదిర్‌కట్చి, అదే ప్రతిపక్షం, కోత పెట్టమంటుంది. అరుస్తారు, లేచి బయటికి పోతారు, మళ్లీ వస్తారు. ఒక్క శాఖ మీదనే రోజులకు రోజులు కొట్లాడుతారు. ఇంతలో గడువు అయిపోతుంది. అప్పుడు మిగిలిన శాఖలన్నీ ఒక్క మాటతో సరే. ఎవరూ నోరెత్తకూడదు. దానికి గిలటిన్ అని పేరు."

"అంటే ఎవరూ చూడకుండానే దుడ్డు పోతుందా?"

"పోతుంది. కట్చీలు కొట్లాడేది ఒకచోట, దుడ్డు పోయేది ఇంకొకచోట."

"బాగుంది మీ పార్లమెంటు. నేను పులుసులో ఉప్పు వేసేటప్పుడు కూడా చూసి వేస్తాను" అన్నాను. నేను చదివింది మూడో క్లాసే, అయినా ఆ మాత్రం లెక్క నాకూ తెలుసు.

మా ఇంట్లోనూ ఒక బడ్జెట్ ఉండేది. ఉగాదికి ముందు వచ్చే సంతరోజు పొద్దున, తిన్నె మీద చాట పెట్టేవాళ్లం. ఎవరికి ఏది కావాలో దాని గుర్తు ఒకటి తెచ్చి చాటలో వేయాలి. బట్టలకు దారప్పోగు, మోటారుకు తీగముక్క, ఎద్దుల మేతకు గానుగపిండి బిళ్ల. పెద్దన్న ఒక్కోటి పైకి తీసి అడుగుతాడు. ఒప్పుకుంటే కుండలో వేస్తాడు, లేకపోతే వాకిట్లోకి విసిరేస్తాడు. కుండలో పడినది ఆ రోజే సంతలో కొనాలి. ఒకసారి కుండలో పడ్డాక మా తాత లేచి వచ్చినా మార్చడానికి లేదు.

మధ్యలో ధర్మపురి బస్సు హారను వినిపించిందా, పెద్దన్న లేచినట్టే. ఆయన జన్మలో బస్సు పోనిచ్చిన మనిషి కాదు. చాటలో మిగిలినవన్నీ గబుక్కున కుండలో వంపి, "అన్నిటికీ సరే" అని పరుగు. మా ఇంటి గిలటిన్ అదే.

మా ఆయన పోయాక నేను అన్నల పంచకు చేరాను. ఆ చాటలో ఏనాడూ ఏదీ వేయలేదు. అడిగి తినే నోరు కాదు నాది. ఇద్దరి చాకిరి చేసి ఒక్కరి కూడు తిన్నాను. మనసులో మాత్రం ఒక ఎనుము ఉండేది. నాలుగిళ్లకు పాలు పోసుకుని, నా ఆకూవక్కకు ఎవరి ముఖమూ చూడకుండా బతకాలని. ఆ మాట బయటపెడితే మా పెద్దవదిన వెంకటలక్ష్మమ్మ, "మేము కూడు పెట్టలేదని ఊరంతా చాటింపు వేస్తావా?" అంటుంది. దానికి నేను అనబోయే మాట కూడా సిద్ధంగానే ఉండేది. అందుకే నోరు కట్టుకున్నాను.

ఒకసారి సంతలో ఒక నల్లటి ఎనుము మెడ నిమురుతూ నిలబడిపోయాను. చిన్నన్న పక్కనే ఉన్నాడు. "కొమ్ములు వంకర" అన్నాడు. ఆయన దేన్ని మెచ్చుకున్నాడు గనక.

ఎనభైల నడుమ ఒక ఏడు మా వదినకు కొత్త ఉపాయం తట్టింది. ప్రతి ఏడూ చిన్నన్న ఏ గానుగపిండి దగ్గరో పట్టుకుని బస్సు వచ్చేదాకా సాగదీస్తాడు కదా. "ఈసారి ఆ మనిషి ఏమన్నా సరేనను. కొట్లాడడానికి మనిషి దొరక్కపోతే ఎంతసేపని అరుస్తాడు?" అని పెద్దన్న చెవిలో ఊదింది.

పెద్దన్న గానుగపిండి తీశాడు.

"అంత మేత ఎందుకు? ఎద్దులకా, ఏనుగులకా?" అన్నాడు చిన్నన్న.

"సరే, తగ్గిద్దాం."

తీగముక్క వచ్చింది.

"మోటారు ఇంకో ఏడు పాతదే చాలు."

"సరే."

దారప్పోగు వచ్చింది. "బట్టలు వద్దు."

"సరే."

బస్సు జాడ లేదు. చాట ఖాళీ అవుతోంది. చిన్నన్న నుదుట చెమట పట్టింది. కొట్లాట లేక మనిషి నీరసించాడని నేను నవ్వుకున్నాను. చాట అడుగున పలుపుతాడు ముక్క ఒకటి మిగిలింది. ఎద్దులకేమో అనుకున్నాను.

"ఇదేంది, ఈ తాడు ఎవరు వేసింది?" అంటూ వదిన చెయ్యి చాచింది.

"ముట్టుకోవద్దు వదినా. ముందు నా మాట తేలాలి. ఈ ఏడు నాకు పంచె వద్దు."

"సరే" అన్నాడు పెద్దన్న.

"ఎందుకు సరే?"

"నువ్వే కదా వద్దన్నావు."

"నేను వద్దంటే నువ్వు వద్దనేస్తావా? తోడబుట్టినవాడు గోచితో తిరిగితే నీకు సరేనా? మా నాయన ఉంటే ఇట్లా అని ఉంటాడా?"

పెద్దన్నకు ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంది. "ఓరే, నేను నీకు పంచె ఎగ్గొట్టినానా? పోయిన ఏడు జరీ పంచె తెస్తే ఎవడురా గడ్డివాము మీద కప్పింది?"

"జరీ నేను అడిగినానా?"

"రెండు పంచెలు తెస్తాను, నోరు మూయి."

"రెండెందుకు? నాకేమన్నా నాలుగు కాళ్లున్నాయా?"

వదిన తల పట్టుకుంది. అంతలో మలుపు దగ్గర బస్సు హారను వినిపించింది. పెద్దన్న దిగ్గున లేచి, చాట కుండలో వంపి, "అన్నిటికీ సరే" అని కుండ చంకన పెట్టుకుని పరిగెత్తాడు. వెనకాలే చిన్నన్న.

సాయంత్రం పెద్దన్న బస్సు దిగాడు. పొద్దుగూకాక చిన్నన్న నడుచుకుంటూ వచ్చాడు, చేతిలో పలుపు, పలుపు వెంట నల్లటి ఎనుము. కొమ్ములు వంకర. నా గది ముందర గుంజకు కట్టేశాడు.

"ఎవరినడిగి తెచ్చినారు?" అంది వదిన.

పెద్దన్న ఎనుమును చూశాడు, నన్ను చూశాడు, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "కుండలో పలుపు ఉండె. వేసింది నా చేత్తోనే, దుడ్డు ఇచ్చిందీ నా చేత్తోనే" అన్నాడు. వదిన విసురుగా లోపలికి పోయింది.

నేను చిన్నన్న మీదికి పోయాను. "నాకు కావాలని నేను చెప్పినానా?"

"చెప్పవు. చెప్పేదానివైతే నాకీ గొంతునొప్పి ఎందుకు? అడిగితే నువ్వు వద్దంటావు. చర్చకు పెడితే వదిన నాలుగంటుంది, నువ్వు నలభై అంటావు. కొన్ని ఎవరూ చూడకుండానే పాసు కావాలమ్మా."

అప్పుడు నాకు ఒకటొకటే గుర్తొచ్చాయి. నేను వచ్చిన ఏడు చాట అడుగున పెంకుముక్క ఉండింది. గానుగపిండి మీద గొడవ బస్సు దాకా సాగింది. ఆ వానాకాలం నా గది కారలేదు. మరో ఏడు కంబళి పోగు. పెద్దన్నే గుర్తుపెట్టుకుని చేశాడని పెద్దన్నకు దండం పెట్టి, చిన్నన్నను మాత్రం, "తిన్న కూడంతా అరవడానికేనా నీకు" అని తిడుతూ వచ్చాను. ఆయన ఒక్కనాడూ ఆ తిట్లను కాదనలేదు. ఆయన కాదనని మాటలు లోకంలో అవే.

మర్నాడు మొదటి పాలతో కాఫీ కలిపి ముందర పెట్టాను. "వద్దు. పాలు పలచన" అన్నాడు. లోటా వెనక్కి తీసుకున్నాను.

"సరే, నీకు లేదు పో. నేనే తాగుతాను."

"ఎందుకు లేదు? ఎనుమును తోలుకొచ్చింది ఎవరు?" అని లోటా లాక్కుని, అడుగు బొట్టు దాకా తాగి, ఇంకొకటి పట్టమన్నాడు.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ పొద్దున్నే నేను, "ఈరోజు నీకు కాఫీ లేదు చిన్నన్నా" అనేదాన్ని. ఆయన వచ్చి గుంజ పక్కన కూర్చునేవాడు.