స్లీవా, బైపాసా: నాయన బోరు పద్ధతి

మా అనంతపురంలో దారి అడిగితే తెలియదని చెప్పే మనిషి దొరకడు. ఇది నాకు చాలాకాలంగా ఉన్న ఫిర్యాదు. టవర్ క్లాక్ దగ్గర నిలబడి ఫలానా ఆఫీసు ఎక్కడని అడిగితే ఒకాయన పడమర చూపిస్తాడు, ఆయన పక్కనే టీ తాగుతున్నాయన తూర్పు చూపిస్తాడు. ఇద్దరిలో ఎవరూ ఆ ఆఫీసు పేరు అంతకుముందు విని ఉండరు. అయినా చూపించే చేతిలో వణుకుండదు.

బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకోమని నాకు డాక్టరు చెప్పాక, బుక్కరాయసముద్రంలో మా వీధివీధంతా అలాగే దారి చూపించడం మొదలుపెట్టింది.

“కడుపు కోయించుకుంటావా యాందప్పా? రాత్రిపూట సంగటి ముద్ద మానుకుంటే పోలా?” అన్నాడు ఎదురింటాయన. ఆయన నాకంటే లావు. బట్టల కొట్టాయన మాత్రం తన వియ్యంకుడు స్లీవ్ అనే ఆపరేషన్ చేయించుకుని మూడు నెలలకే పెళ్ళి ఊరేగింపులో డాన్సు వేశాడని చెప్పాడు. వైద్యశాస్త్రంలో నాకు అంతకు మించిన ఆధారం అక్కర్లేకపోయింది. మనసు స్లీవ్ వైపు మొగ్గింది.

ఆపరేషన్ ఎందుకో చెప్పాలి. నేను కొంచెం ఒళ్ళు చేశాను. ‘కొంచెం’ అన్నది నా మాట. ఆస్పత్రి తూకం యంత్రం అభిప్రాయం వేరు. షుగరుంది, బీపీ ఉంది. పైగా నిద్రలో నాకు ఊపిరి ఆగుతుందట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే నేనెప్పుడూ చూడలేదు, ఆ సమయానికి నిద్రలో ఉంటాను. చూసేది మా ఆవిడ. గురక ఉన్నట్టుండి ఆగిపోతే లేచి కూర్చుని, మళ్ళీ మొదలయ్యేదాకా నా భుజం కుదుపుతుంది. మొగుడి గురక వినపడితేనే నిశ్చింతగా పడుకునే ఆడమనిషి ఈ జిల్లా మొత్తంలో ఆమె ఒక్కతేనేమో. పగలు కూరగాయలు తరుగుతూ కునికిపాట్లు పడుతుంది. దాని మీద నేను చాలా జోకులు వేశాను. ఆమె నవ్వలేదు.

అనంతపురం సర్జన్ పరీక్షలన్నీ చేయించి, కాగితం మీద కడుపు బొమ్మ గీశాడు. స్లీవ్ అంటే కడుపులో ఎక్కువ భాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా ఉంచడం. తీసేసింది మళ్ళీ పెట్టలేరు. బైపాస్ అంటే పైన చిన్న సంచి ఒకటి చేసి, పేగును తెచ్చి దానికి కలపడం. తిన్నది పాత కడుపు గడప తొక్కకుండా పక్కదారిన పోతుంది. విటమిన్ మాత్రలు మాత్రం బతికినన్నాళ్ళూ మింగాలి.

“లోపలికి కెమెరా పంపి చూశాం కదా, మీ అన్నవాహికలో పుండ్లున్నాయి. స్లీవ్ చేస్తే గుండెమంట ఇంకా పెరగొచ్చు. షుగరు కూడా ఉంది కాబట్టి బైపాసే మేలు. ఆలస్యం మాత్రం చేయకండి,” అన్నాడు.

ఈ దశలో నాయన రంగంలోకి దిగాడు. నాయనకు వేరుశనగ చేనుంది, మా వైపు చెనిక్కాయ అంటాం. ఆ చేలో నీళ్ళు లేని బోర్లున్నాయి. వాటినుంచి ఆయన ఒక పద్ధతి నేర్చుకున్నాడు. బోరు పాయింటు చూసేవాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. కాయ నిలువుగా లేచిన చోట నీళ్ళున్నట్టు. ఒకణ్ణి నమ్మకూడదు. అతను గుర్తుగా పెట్టిన రాయి తీసేసి, రెండో అతన్ని పిలిచి తిప్పాలి. ఇద్దరి కాయలూ ఒకే చోట లేస్తేనే బోరు వేయాలి. ఈ పద్ధతిలో కూడా నీళ్ళు పడలేదు. కానీ ఆయన నమ్మకానికీ నీళ్ళకూ సంబంధం లేదు.

“బెంగళూర్లో ఇంగొగ డాక్టరుకు చూపిస్తాం,” అన్నాడు నాయన. “ఈయప్ప చెప్పింది ఆయప్పకు చెప్పాకు. రిపోర్టులు బయటికి తియ్యాకు. ఆయనంతట ఆయన చెప్పల్ల.”

“మరి కొబ్బరికాయ తీసుకోని పోదామా నాయనా?”

“నీ కడుపు మింద నిలబడదులే, జారిపోతాది.”

బెంగళూరు డాక్టరుకు తెలుగు వచ్చు. గుండెమంట ఉందా, ఇంతకుముందు ఎండోస్కోపీ చేయించారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు నాయన, “అదంతా మీరే చెప్పల్ల సార్,” అన్నాడు వినయంగా. డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీది కడుపు పటం వైపు చూశాను.

“సరే, ఇప్పటికి స్లీవ్ అనుకుందాం. లోపల చూశాకే ఖాయం చేద్దాం,” అన్నాడాయన. నాకు మొదటి మాటే వినిపించింది.

అప్పుడు మాతో వచ్చిన మా ఆవిడ ఎవర్నీ అడగకుండా సంచిలోంచి అనంతపురం రిపోర్టు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు రెండుసార్లు చదివాడు.

“ఇది దాచిపెట్టి ఎవరిని పరీక్షిస్తున్నారండీ, నన్నా?” అన్నాడు. “ఇది చూశాక నేనూ బైపాసే అంటాను. నిద్రలో ఊపిరి ఆగుతుందని కూడా ఇందులో ఉంది. రోజులు జరపకండి.”

తిరుగు బస్సులో నేనూ మా ఆవిడా ఒక సీట్లో, నాయన పక్క వరస సీట్లో. పెనుకొండ దాటాక నాయన మా వైపు వంగాడు.

“ఇది లెక్కలేకి రాదప్పా,” అన్నాడు.

“ఏది నాయనా? ఇద్దరూ ఒకటే చెప్పినారు కదా.”

“చెప్పినారులే. గానీ ఈయప్ప ఆయప్ప పెట్టిన రాయి చూసినంక చెప్పినాడు. రాయి కనపడితే ఎవురి కాయైనా ఆడనే లేస్తాది. మూడో ఆయప్పకు చూపియ్యల్ల.”

ఆ మాటలో నాకు న్యాయం కనిపించింది. నిజం చెప్పాలంటే, ఇంకొన్నాళ్ళు నా పొట్ట మీద ఎవరూ కత్తి పెట్టరన్నదే కనిపించింది.

“హైదరాబాదులో మంచాయన ఉండాడంట నాయనా,” అన్నాను.

“పోతాం. చెనిక్కాయ పీకేది అయిపోనీ. ఈ తూరి ఆ రిపోర్టు ఇంట్లోనే పెట్టి పోవల్ల.”

మా ఆవిడ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాం. కళ్ళు తెరవకుండానే అంది:

“మామా, చెనిక్కాయ పీకేదాంకా ఈయప్ప ఊపిరి పీలుస్తాంటాడని మీకెవురు చెప్పినారు?”